కాపలా అప్పగింత

ఎనీల్దా మర్రూగో ఏ బేరానికి దిగినా ముందు చేతిలో ఏముందో చూసుకుంటుంది. ఆ ఆదివారం పొద్దున ఆమె చేతిలో ఉన్నది సగం కొబ్బరిచిప్ప. మధ్యాహ్నం అన్నంలోకి పాలు తీయడానికి తురుముతోంది. మిగతా ఆస్తి చుట్టూ పరుచుకుని ఉంది. నలభై దాటినా ఇంకా అరిగిపోని ఒళ్ళు. బసూర్తో అనే మార్కెట్లో తాళ్ళూ వలలూ అమ్మే కొట్టు. దాని బోర్డు మీద ‘లిబార్దో అండ్ సన్స్’ అని ఉంటుంది. లిబార్దో ఆమె భర్త. కొడుకులు లేరు, ఉన్నది పదో తరగతి చదివే కూతురు యురానిస్. సరుకు ఎంచేదీ, బేరమాడేదీ, ఏ తాడు ఉప్పునీటికి ఎన్నాళ్ళు ఆగుతుందో చేత్తో పట్టి చెప్పేదీ ఎనీల్దా. గల్లా దగ్గర కూర్చునేది లిబార్దో. ఇక ఇంట్లో, గుమ్మం దగ్గర ఊగే కుర్చీలో, షుగరు జబ్బుతో అత్తగారు ఒబ్దూలియా. సాయంత్రం కాలేజీకి వెళ్ళి సంపాదించుకున్న కామర్స్ డిగ్రీ కూడా ఒకటుంది. గోడకి కొట్టడానికి మేకు దొరకలేదని అది అత్తగారి బీరువా వెనక ఏళ్ళ తరబడి నిలబడే ఉంది.

“అంత మొద్దుగా తురిమితే పాలేం దిగుతాయే?” అంది ఒబ్దూలియా కుర్చీ ఊపుతూ.

“దిగుతాయి అత్తమ్మా.”

“మా రోజుల్లో అరచేతులు మండేదాకా తురిమేవాళ్ళం.”

అప్పుడే లిబార్దో బనీనుతో లోపలికి వచ్చాడు. ఆదివారం పొద్దున వీధి మలుపులో డామినోలు ఆడడం అతని అలవాటు. ఆట మధ్యలో లేచి రావడం మాత్రం అలవాటు కాదు.

“ఏంటీ, నువ్వు నేవీలో చేరుతున్నావట? డామినో బల్ల దగ్గర ఒక్కొక్కడూ లేచి నాకు సెల్యూట్ కొడుతున్నాడు. ‘అడ్మిరల్ గారి మొగుడొచ్చాడు, జరగండిరా’ అంటున్నారు.”

“నేవీ కాదు, నేవీ రిజర్వ్,” అంది ఎనీల్దా తురమడం ఆపకుండా. “ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ శనివారాలు వెళ్ళి నేర్చుకోవాలి. అవసరం వచ్చినప్పుడు పిలుస్తారు. డాక్టర్లూ లెక్కలు తెలిసినవాళ్ళూ సరుకు సంగతి తెలిసినవాళ్ళూ కావాలట.”

“జీతం ఎంత?”

“జీతం లేదు.”

లిబార్దో తల్లి వైపు చూశాడు. తల్లి కుర్చీ ఊపడం ఆపింది.

“జీతం లేదు,” అన్నాడతను నెమ్మదిగా. “యూనిఫాం?”

“మనమే కుట్టించుకోవాలి.”

“అంటే సొంత బట్టలు కట్టుకుని, సొంత తిండి తిని, ఊరికే చాకిరీ చేసి రావాలన్నమాట. వ్యాపారం చేసే ఇంట్లో పుట్టకపోయినా వ్యాపారం చేసే ఇంటికొచ్చావు కదా, ఎనీల్దా. ఇందులో నీకేం మిగులుతుంది, చెప్పు?”

ఆ ప్రశ్న తప్పు కాదనిపించింది ఆమెకి. ఆమె కూడా సరిగ్గా అదే అడుగుతుంది ఎవరినైనా. కానీ జవాబు వెతకడానికి తన లోపలికి వెళితే అక్కడ ఇంకో ప్రశ్న కూర్చుని ఉంది. సొంత బట్టలు, సొంత తిండి, ఊరికే చాకిరీ. ఈ వివరాలన్నీ కలిపితే వచ్చే మనిషిని ఆమె రోజూ అద్దంలో చూస్తోంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చేతిలో కొబ్బరి ఉంది, పొయ్యి మీద చేప ఉంది, ఆదివారం ఇంకా సగం కూడా కాలేదు. సరుకు ధర పలకనప్పుడు దాన్ని కొట్టు ముందు పెట్టకూడదని ఆమెకి తెలుసు. లోపల పెట్టుకుంది.

“శనివారం వంటా పనీ అన్నీ శుక్రవారం రాత్రికే చేసి పెట్టి వెళ్తాను,” అంది. “మీకేం లోటు రాదు.”

“లోటు రానప్పుడు నాకేం?” అన్నాడు లిబార్దో. మళ్ళీ ఆటకి వెళ్ళిపోయాడు.

బేరం కుదిరింది. తన సొంత శనివారాన్ని శుక్రవారం ఇచ్చి కొనుక్కుంది. వస్తువు తనదే అయినా ధర కూడా తనే కట్టిందని తెలుసుకోవడానికి ఆమెకి చాలా శనివారాలు పట్టింది.

ఆ రిజర్వ్ సంగతి మొదట చెప్పింది పళ్ళ డాక్టరు ఫదూల్. చిన్న తెరచాప పడవ ఉంది ఆయనకి, తాళ్ళ కోసం కొట్టుకి వచ్చేవాడు. తాడు ఎలా ముడివేస్తే తడిసినా బిగుసుకుపోదో ఎనీల్దా చూపిస్తుంటే, “నేనూ చేరుతున్నానండీ ఈసారి, మీరూ రాకూడదూ?” అన్నాడు. లిబార్దో గల్లా దగ్గర నవ్వాడు. ఆ నవ్వుకే ఆమె వెళ్ళిందంటే అబద్ధం కాదు. సముద్రం మీద ప్రేమతోనూ దేశం మీద భక్తితోనూ చేరామని మిగతావాళ్ళు ఇంటర్వ్యూలో చెప్పారు. ఎనీల్దాని అడిగితే, “పుట్టినప్పటి నుంచీ సముద్రం పక్కనే ఉన్నాను, ఒక్కసారి కూడా లోపలి నుంచి ఊరిని చూడలేదు,” అంది. ఎదురుగా కూర్చున్న ఆఫీసరు పెన్ను కింద పెట్టి ఆమెని చూశాడు. తీసుకున్నారు.

శనివారాలు మొదలయ్యాయి. శిక్షణ ఇచ్చే ఆవిడ పేరు మార్తెలో. పొట్టి మనిషి, గొంతు మాత్రం మైదానం ఆ చివరిదాకా వెళ్ళేది. మొదటి రోజు వరసలో నిలబెట్టి ఒక్కొక్కరినీ ఇంటిపేరుతో పిలిచింది. “మర్రూగో!” ఎనీల్దా కదల్లేదు. ఆ పేరుతో బళ్ళో పిలిచిన తర్వాత మళ్ళీ ఎవరూ పిలవలేదు. మార్కెట్లో ఆమె లిబార్దో వాళ్ళావిడ, వీధిలో యురానిస్ వాళ్ళమ్మ, ఇంట్లో ‘ఏమే’. “మర్రూగో, చెవుడా?” అని మార్తెలో రెండోసారి అరిచాక, “ఉన్నాను మేడమ్,” అంది. 

నడవడం నేర్చుకుంది, ఎండలో కదలకుండా నిలబడడం నేర్చుకుంది. ఈత నేర్చుకోవడానికి అందరికన్నా ఎక్కువ తంటాలు పడింది. ఆ తీరంలో ఆడవాళ్ళకి నీళ్ళంటే మోకాళ్ళ వరకే. ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో వేసి వెళ్ళాలి. సాయంత్రం తీసుకునేసరికి అందులో ఇల్లంతా వరస కట్టి ఉండేది. జల్లెడ ఎక్కడ? అమ్మ ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పైనా కిందా? అన్నం ఎర్రగా అయింది, తినొచ్చా? గ్యాస్ వాసన వస్తోంది. ఏం లేదు, పొయ్యి ఆర్పలేదు. ఉప్పు? ఇంటికి వెళ్ళే బస్సులో ఒక్కోదానికీ జవాబు చెప్పుకుంటూ వెళ్ళేది. ఇల్లు చేరేసరికి లిబార్దో, “ఇప్పుడు చెప్పి లాభమేంటి?” అనేవాడు. సింకులో శుక్రవారం నాటి గిన్నెలన్నీ శనివారం నాటి అన్నంతో ఆమె కోసం ఎదురు చూస్తుండేవి.

“అడ్మిరల్ గారు భోంచేశారా?” అని అత్తగారు ఎగతాళిగా అడిగేది. ఆ ఇంట్లో ఆ ప్రశ్న అడిగింది మాత్రం ఆవిడ ఒక్కతే.

కొన్ని నెలలు గడిచాక మొదటిసారి ఓడ ఎక్కించారు. పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరిగి వచ్చే చిన్న ప్రయాణం. ఓడ మీద ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు కాపలా నిలబడాలి. మార్తెలో ముందే నేర్పింది. కాపలా దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి కంటికి కనిపించేదంతా చెప్పాలి. ఏ వైపు ఏ పడవ, దారి గుర్తుగా నీళ్ళ మీద తేలే బోయా ఎక్కడ, గాలి ఎటు. ఎక్కేవాళ్ళు ఆ మాటలన్నీ తిరిగి చెప్పాలి. ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటి నుంచి. అన్నీ సరిపోయాక ‘కాపలా నాది’ అనాలి. ఆ మాట అనేదాకా దిగేవాళ్ళు అక్కడి నుంచి ఒక్క అడుగు కదలకూడదు. అన్న తర్వాత ఒక్క క్షణం కూడా అక్కడ ఉండకూడదు.

మధ్యాహ్నం ఎనీల్దా వంతు అయింది. ఆమె తర్వాత ఫదూల్. చెప్పింది, ఆయన తిరిగి చెప్పాడు, ‘కాపలా నాది’ అన్నాడు. ఎనీల్దా కిందికి దిగాలి, వేడి వేడి చేపల పులుసు పెడుతున్నారు. కానీ నాలుగు మెట్లు దిగి ఆగింది. ఆయన బైనాక్యులర్స్ తిప్పి తిప్పి అద్దం తుడుచుకుంటున్నాడు. పళ్ళు చూసేవాడికి సముద్రం ఏం తెలుస్తుంది అనుకుంది. మళ్ళీ పైకెక్కి ఆయన వెనక, కాస్త పక్కగా నిలబడింది. ఎండ మెరుపులో ఎడమ వైపు నీళ్ళకి అంటుకుపోయినట్టు ఒక చిన్న దోనె కనిపించింది. ఇద్దరు మనుషులు వల లాగుతున్నారు. “ఎడమ వైపు పడవ!” అని చుక్కాని గదికి వినిపించేలా అరిచింది. సరిగ్గా అదే సమయంలో ఫదూల్ మెల్లగా, నేర్పినట్టే, “ముందు, కొంచెం ఎడమకి, చిన్న దోనె,” అని చెబుతున్నాడు. లోపలివాళ్ళకి రెండు గొంతులు వినిపించాయి, రెండు చోట్లు వినిపించాయి. రెండు పడవలనుకుని వేగం తగ్గించి ఓడని పక్కకి తిప్పబోయి ఆపారు. దోనెలో వాళ్ళు తల ఎత్తి, ఇంత పెద్ద ఓడకి ఇంత తడబాటేంటా అన్నట్టు చూశారు.

“ఎన్ని పడవలు?” అని లోపలి నుంచి ఆఫీసరు అరిచాడు.

“ఒకటే సర్,” అన్నాడు ఫదూల్.

“ఒకటే అయితే ఇద్దరెందుకు చెప్పారు?”

మార్తెలో వచ్చి ఎనీల్దాని పక్కకి తీసుకెళ్ళింది.

“నీ కాపలా అయిపోయిందా, లేదా?”

“అయిపోయింది మేడమ్.”

“మరి పైన ఏం చేస్తున్నావు?”

“డాక్టర్ గారు చూడలేదేమో అని...”

“చూశాడు. నీకన్నా ముందే చూశాడు. దూరం సరిచూసుకుని చెప్పాడు, అదే పద్ధతి.” గొంతు తగ్గించింది. “మర్రూగో, ఇలా చేసిన మగవాడిని నేను ఇంతవరకూ చూడలేదు. వాళ్ళు వేరే తప్పులు చేస్తారు, ఆలస్యంగా వస్తారు, నిద్రపోతారు. ఈ తప్పు ఆడవాళ్ళదే. నేనూ చేశాను. నువ్వు వెనక నిలబడ్డంతసేపూ ముందున్నవాడు కాపలావాడు కాదు, నీ చేతి కింద మనిషి. ఒక కాపలాకి ఇద్దరుంటే ఎవరూ లేనట్టే. కిందికి పో. పులుసు తాగు. తాగిన గిన్నె కూడా తీయకు, ఇది నా ఆర్డరు.”

ఆ శిక్ష ఆమె జీవితంలో పడ్డ శిక్షలన్నిటికన్నా కష్టంగా అనిపించింది. బల్ల ముందు కూర్చుంది. ఎవరో గిన్నె తెచ్చి పెట్టారు. తాగింది. పక్కన కూర్చున్నవాళ్ళ గిన్నెలు ఖాళీ అవుతుంటే చేతులు వాటంతట అవే వాటి వైపు వెళ్ళాయి. వెనక్కి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. పెట్టుకున్న చేతులు ఎవరివో అన్నట్టు ఉన్నాయి. చివరిసారి తనని ఎవరు ఎప్పుడు దింపారు కాపలా నుంచి? యురానిస్ పుట్టిన రోజున నొప్పులు పడుతూ ఆసుపత్రి వరండాలో లిబార్దోకి బియ్యం డబ్బా ఎక్కడుందో చెప్పింది. నాన్న పోయినరోజున శవం పక్కనుంచి లేచి వచ్చి అత్తగారికి సూది వేసింది. జ్వరం వచ్చిన రోజుల్లో మంచం మీద పడుకుని వంటింటి శబ్దాలు వింటూ, ఇప్పుడు ఉల్లిపాయ మాడుతోంది, ఇప్పుడు పాలు పొంగాయి అని లోపల్లోపల గరిటె తిప్పుతూనే ఉండేది. ఎవరూ ‘కాపలా నాది’ అనలేదు కాబట్టి ఆమె ఎప్పుడూ దిగలేదు. ఎవరినీ అనమని ఆమె కూడా అడగలేదు. ఎవరైనా ఏదైనా చేయబోతే మెట్ల మీద ఆగి వెనక నిలబడేది. లిబార్దో ఒకసారి కొత్తగా గిన్నెలు కడుగుతుంటే, జిడ్డు పోలేదని అన్నీ మళ్ళీ కడిగింది. అతను ఇంకెప్పుడూ కడగలేదు. అతనికి అది సుఖంగా ఉంది, నిజమే. కానీ ఆ సుఖాన్ని పళ్ళెంలో పెట్టి అందించిన చెయ్యి ఎవరిదో కూడా లెక్కలోకి రావాలి. ఒక వైపే రాసుకునేది లెక్క కాదు.

ఈస్టర్ దగ్గర పడుతుండగా పిలుపు వచ్చింది. ఆసుపత్రి పరికరాలతో ఒక ఓడ పది రోజులు దక్షిణ తీరం వెంట, మొర్రోస్కియో అఖాతం దాటి చిన్న చిన్న ఊళ్ళకి వెళ్తోంది. మందులూ సరుకులూ చూసుకునే బాధ్యత ఎనీల్దాది. ఆ పది రోజులు పూర్తి చేస్తేనే జెండా ముందు ప్రమాణం, భుజం మీద గుర్తు. చేయకపోతే మళ్ళీ వచ్చే ఏడాది మొదటి నుంచి. వచ్చే ఏడాదికి ఆమె వయసు హద్దు దాటుతుంది. అంటే ఇప్పుడు కాకపోతే ఇంక లేదు.

“ఈస్టర్ ముందా?” అన్నాడు లిబార్దో. “ఊరంతా మాంసం మానేసి చేపలు తినే రోజులు. జాలర్లందరూ వలలు మార్చేది ఇప్పుడే. నీకు పిచ్చా?”

“మరి మిఠాయిలు?” అంది ఒబ్దూలియా. ఆ వారంలో ప్రతి ఇంట్లోనూ బొప్పాయితో, కొబ్బరితో, చిక్కుళ్ళతో మిఠాయిలు వండి వీధంతా పంచుకుంటారు. ఆ ఇంటి గిన్నెలు వీధిలో ఏ ఇంటికి వెళ్ళినా ఒబ్దూలియా పేరుతో వెళ్ళేవి. వండేది ఎనీల్దా. “మన గిన్నెలు వెళ్ళకపోతే వాళ్ళ గిన్నెలు ఏ మొహం పెట్టుకుని తీసుకోను?”

ఎనీల్దా అలవాటు ప్రకారమే మొదలుపెట్టింది. పది రోజుల వంట. చేపలు వేయించింది, చిక్కుళ్ళు ఉడకబెట్టింది, డబ్బాల్లో సర్ది ఒక్కోదాని మీద చీటీ అంటించింది. సోమవారం, మంగళవారం. మూడో రోజు డబ్బా మూత పెడుతూ ఆగిపోయింది. ఓడ ఎక్కాక తను ఎక్కడ ఉంటుందో ఆ డబ్బాలు చూస్తే తెలిసిపోతోంది. ఇక్కడే, ఈ ఫ్రిజ్‌లో, మూత కింద. మెట్ల మీద ఆగినట్టే.

చీటీలు పీకేసింది. ఉన్న కూరలు ఆ సాయంత్రమే బల్ల మీద పెట్టింది. అందరూ కడుపునిండా తిన్నారు.

బయలుదేరే రోజు తెల్లవారింది. యూనిఫాం వేసుకుని వంటింటి గడపలో నిలబడి లిబార్దోని పిలిచింది.

“విను. అమ్మకి సూది పొద్దున తినేముందు, సాయంత్రం తినేముందు. మందు ఫ్రిజ్ తలుపులో. ఒకరోజు కుడి తొడ, ఒకరోజు ఎడమ తొడ. వేసిన తర్వాత అరగంటలో తినాలి, మర్చిపోతే కళ్ళు తిరుగుతాయి. యురానిస్‌కి బుధవారం పరీక్ష. కొట్లో సన్న వల ఎర్ర దారం కట్టిన కట్టలో ఉంది, మందపుది నీలం. కలిపెయ్యకు. ఇంక తిరిగి చెప్పు.”

“ఏంటి తిరిగి చెప్పేది?”

“నేను చెప్పింది.”

లిబార్దో నవ్వాడు. “బడిపిల్లాడినా? నాకు ఆర్డర్లేస్తున్నావా? బస్సు పోతుంది, వెళ్ళు. ఏదైనా కావాలంటే ఫోన్ చేస్తాలే.”

“ఫోన్ అందదు. నువ్వు చెప్పేదాకా నేను కదలను.”

అతని మొహంలో నవ్వు పోయింది. “పైసా జీతం లేకుండా పది రోజులు సముద్రం మీద చాకిరీ చేయడానికి ఇంత హడావుడా, ఎనీల్దా? నిన్ను వాడుకుంటున్నారు, తెలుస్తోందా?”

ఎన్నో నెలలుగా లోపల పెట్టుకున్న సరుకు అప్పుడు బయటికి వచ్చింది. ఆశ్చర్యం ఏంటంటే గొంతులో కోపం లేదు, ధర చెప్పినట్టే చెప్పింది.

“జీతం లేని చాకిరీ నాకు కొత్తా, లిబార్దో? పెళ్ళైనప్పటి నుంచీ అదే కదా చేస్తున్నాను. అక్కడికీ ఇక్కడికీ తేడా ఒకటే. అక్కడ నా వంతు అయ్యాక ఇంకొకరు వస్తారు.”

అతను వీధి వైపు తిరిగాడు. వీధిలో బ్రెడ్డు అమ్మేవాడి కేక వినిపించింది. బస్సుకి టైమవుతోంది.  ఎనీల్దాకి లోపల భయంగానే ఉంది. ఈ మనిషి తిరిగి చెప్పకపోతే ఏం చేస్తుంది? నిజంగానే కదలకుండా ఉంటుందా? ఓడ వెళ్ళిపోతుంది కదా? కానీ కాళ్ళు మైదానంలో నేర్చుకున్నట్టు నిలబడ్డాయి.

గుమ్మం దగ్గర కుర్చీ కిర్రుమంది.

“ఒరేయ్ లిబార్దో,” అంది ఒబ్దూలియా. “తిరిగి చెప్పరా.”

“అమ్మా, నువ్వు కూడానా?”

“సూది దిగేది నా తొడలోరా, నీ తొడలో కాదు. దానికి తెలుసు, నీకు తెలీదు. అది వెళ్ళిపోయాక నేనెవరిని అడగాలి? తిరిగి చెప్పు.”

లిబార్దో చెప్పాడు. తినేముందు అనడానికి తిన్నాక అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి. రెండోసారి నీలాన్నీ ఎర్రనీ తారుమారు చేశాడు. పక్కన యురానిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మూడోసారి అన్నీ సరిగ్గా వచ్చాయి.

“ఇంక ‘నాది’ అను.”

“నాది,” అన్నాడు విసుగ్గా. “ఇల్లు నాదే కదా, ఎప్పుడూ నాదే.”

“ఇల్లు కాదు. పని.”

అతను ఆమెని కాసేపు చూశాడు. “సరే. పని నాది.”

ఎనీల్దా సంచీ భుజాన వేసుకుని వెనక్కి తిరగకుండా నడిచింది.

ఓడ మీద ఆమె చేసిన పనిని ఎవరైనా చేయగలరు, ఆమె కూడా బాగా చేసింది. ఒక్కో ఊళ్ళో పడవలు వచ్చి ఓడకి తగులుకునేవి, ముసలివాళ్ళనీ పిల్లల్నీ ఎక్కించేవాళ్ళు. ఫదూల్ పళ్ళు పీకుతుంటే పిల్లల ఏడుపు నీళ్ళ మీద దూరందాకా వెళ్ళేది. సరుకు ఏ ఊళ్ళో ఎంత ఇవ్వాలో, చివరి ఊరికి ఎంత మిగలాలో ఆమె చూసుకునేది. కాపలా వంతు వచ్చినప్పుడు నిలబడేది. ఫదూల్ వచ్చి ‘కాపలా నాది’ అనగానే కిందికి దిగేది. మొదటి రెండు రోజులూ మెట్ల మీద ఆగబోయింది. మూడో రోజు ఆగలేదు. మిట్ట మధ్యాహ్నం, అందరూ పనిలో ఉన్నప్పుడు, తన వంతు కానప్పుడు, ఇనప మంచం మీద పడుకుని నిద్రపోయింది. ఒంట్లో బాగాలేక కాదు, ఏడ్చి అలిసిపోయీ కాదు. అలా పగలు నిద్రపోవడం అదే మొదటిసారి. లేచేసరికి గుండ్రటి కిటికీలో ఏదో ఊరు దూరంగా, చిన్నగా కనిపించింది. అక్కడ కూడా ఎవరో ఒకావిడ ఇప్పుడు బియ్యం కడుగుతూ ఉంటుంది అనుకుంది.

ఒక ఊరి దగ్గర ఫోన్ సిగ్నల్ వచ్చింది. యురానిస్ నుంచి ఒకే ఒక్క మెసేజి. ‘అమ్మా, జల్లెడ ఎక్కడుంది?’ ఎనీల్దా జవాబు రాసింది, పై అరలో గిన్నెల వెనక అని. పంపబోయి చెరిపేసింది. మళ్ళీ రాసింది. ‘కాపలాలో ఎవరున్నారో వాళ్ళని అడుగమ్మా.’ పంపించింది. అత్తమ్మకి ఎలా ఉందో అడగాలనిపించింది. అడగలేదు. అదే ఆ ప్రయాణంలో అన్నిటికన్నా బరువైన పని.

చివరి రోజున ఓడ మీదే, జెండా ముందు, ప్రమాణం చేయించారు. మార్తెలో వచ్చి భుజం మీద గుర్తు పెట్టింది. పిన్ను గుచ్చుకుంది. “కదలకు మర్రూగో,” అంది. కదల్లేదు.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం. ఒబ్దూలియా గుమ్మం దగ్గర కుర్చీలో ఉంది, కాస్త తొడ వాచినా బతికే ఉంది. “రెండు రోజులు ఒకే తొడ మీద పొడిచాడు,” అంది కోడలిని చూడగానే. “అరిస్తే మార్చాడు.” మిఠాయిలు వండలేదు. వీధిలోవాళ్ళ గిన్నెలు మాత్రం బల్ల మీద వరసగా ఉన్నాయి. కొట్లో ఒక జాలరికి మందపు వల బదులు సన్న వల అమ్మి, అతను వచ్చి తిడితే, లిబార్దో ఎండలో పడి తీరం దాకా వెళ్ళి మార్చి ఇచ్చి వచ్చాడట. వంటింట్లో గిన్నెలు గుట్టగా ఉన్నాయి. నేల మీద అన్నం మెతుకులు ఎండిపోయి ఉన్నాయి. లిబార్దో గడ్డం గీసుకోలేదు.

“రోజూ ఇంత ఉంటుందా?” అన్నాడు.

“ఉంటుంది.”

“ఆదివారం కూడానా?”

“ఆదివారం ఇంకా ఎక్కువ.”

అతను తన భుజం మీది వంటింటి గుడ్డ తీసి ఆమె వైపు చాపాడు. మొహంలో ఎంత ఊరటో. “హమ్మయ్య, వచ్చావు. ఇంద, ఇంక తీసుకో.”

చెయ్యి ముందుకి వెళ్ళబోయింది. అలవాటు అంత తొందరగా పోదు. కానీ మధ్యలోనే ఆగింది.

“నేనిప్పుడే కాపలా దిగి వచ్చాను లిబార్దో,” అంది. “దిగినవాళ్ళు వెంటనే ఎక్కకూడదు. రేపు పొద్దున తీసుకుంటాను.”

“రేపు పొద్దునేనా? సరే.”

“సగం.”

“సగమా?”

“సగం. మిగతా సగం నీది. ఏది ఎవరిదో రేపు కూర్చుని మాట్లాడుకుందాం. అమ్మ కూడా ఉంటుంది, ఆవిడకి బేరం బాగా వచ్చు.”

గుమ్మం దగ్గర నుంచి ఒబ్దూలియా నవ్వు వినిపించింది. అది ఎవరి వైపున నవ్విన నవ్వో ఎవరికీ తెలీదు. లిబార్దో చేతిలో గుడ్డ కాసేపు గాల్లో ఉండిపోయింది. తర్వాత మళ్ళీ భుజం మీదికి వెళ్ళింది.

ఎనీల్దా గదిలోకి వెళ్ళి బూట్లు విప్పుకుంది. పాదాలు వాచి ఉన్నాయి. మంచం మీద వాలి, అలవాటు కొద్దీ లెక్క చూసుకుంది. జీతం రాలేదు. పెదవులు ఉప్పుకి పగిలాయి. ఒక ఖాతాదారు అలిగాడు, వీధిలో ఈ ఏటి మిఠాయిల పేరు పోయింది, అత్తగారి తొడ వాచింది. ఇవన్నీ నష్టాలు, దాచడానికేం లేదు. ఇటువైపు, భుజం మీద ఒక గుర్తు, మైదానంలో పిలిస్తే పలికే సొంత పేరు, మధ్యాహ్నపు నిద్ర. వంటింట్లో కొళాయి తిప్పిన చప్పుడైంది. గిన్నె ఒకటి జారి మరో గిన్నె మీద పడింది. జిడ్డు పోదేమో అనుకుంది. లేవలేదు. కొత్తగా చేతికి వచ్చింది పెద్దగా ఏం లేదు, నిజమే. కానీ ఇన్నేళ్ళుగా తనది కాని సగం ఆమె చేతుల్లోంచి దిగిపోయింది. వ్యాపారంలో అది కూడా లాభం కిందికే వస్తుంది.